రెండో గేరులో సత్తు గిన్నెలు

ఈ సంగతి చాలా ఏళ్ళుగా నాలోనే ఉంది. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు అక్షరాలు వచ్చేవి కావు. శ్రీకాకుళం వైపు మా పల్లెలో బడి ఉండేది. నా తర్వాత ఇంట్లో నలుగురు పుట్టారు. ఒకరు నడక నేర్చేసరికి ఇంకొకరు నా చంకెక్కేవారు. చంకలో పిల్లతో బడి గుమ్మంలో నిలబడితే పంతులుగారు "లోపలికైనా రా, బయటికైనా పో" అనేవారు. ఇంతలో పిల్ల ఏడ్చేది. ఇక బయటికే. పెళ్ళయి కొరాపుట్ వచ్చాక అక్కడి బోర్డులన్నీ ఒడియాలో ఉండేవి. నాకు చదువు రాదన్న సంగతి అక్కడ ఎవరికీ తెలియనే లేదు.

యాభై దాటాక, రాయగడలో మా పక్క వాటాలో దిగిన రిటైరు పంతులమ్మ మధ్యాహ్నాలు నన్ను కూర్చోబెట్టి దిద్దించింది. అంకెలు మాత్రం దిద్దక్కర్లేకపోయింది, అవి నాకు ముందే వచ్చు. సత్తు గిన్నెల అడుగున సైజు నంబరు గుద్ది ఉంటుంది. ఇరవయ్యేళ్ళు వాటిని తిరగేసి చూసినదాన్ని. అక్షరాలు కుదురుకున్నాక పంతులమ్మ, "నీకు బాగా తెలిసిన సంగతేదైనా సొంతంగా రాయి" అంది. వంట గురించి రాస్తాననుకుంది కాబోలు. నాకు బాగా తెలిసింది మా ఆయన బండి చప్పుడు.

తొంభైల్లో మాకో పాత జీపు ఉండేది. సాలూరులో కొత్త సత్తు గిన్నెలు ఎక్కించుకుని, కొండ రోడ్డు పట్టుకుని పొట్టంగి సంతకి, అక్కడి నుంచి కొరాపుట్‌లోని మా దుకాణానికి వచ్చేవాళ్ళం. ఆ కొండ రోడ్డుని మేం ఘాటీ అంటాం. సంతలో కొండ ఆడవాళ్ళు పాత గిన్నె ఇచ్చి, పైన కొంత కలిపి, కొత్తది తీసుకునేవారు. సొట్టలు పడి, అడుగు మాడి, చిల్లులు పడిన ఆ పాతవన్నీ కరిగించేవాళ్ళ కోసం మళ్ళీ సాలూరు దించేవాళ్ళం. అంటే ఎక్కేటప్పుడు కొత్త గిన్నెలు, దిగేటప్పుడు పాతవి. రెంటి మోతా వేరు. కళ్ళు మూసుకున్నా మేం ఎక్కుతున్నామో దిగుతున్నామో నాకు తెలిసిపోయేది.

గేర్లు కూడా అలాగే తెలిసేవి. ఒకటో గేరులో గిన్నెలు గజగజ వణికేవి. రెండులో, పక్కింటి పెళ్ళిలో వంటవాళ్ళు పెరట్లో గిన్నెలు తోముతున్నట్టు ఎడతెగని చప్పుడు. మూడులో మూతలు మాత్రమే కొట్టుకునేవి. నాలుగులో అన్నీ సర్దుకుని ఊరుకునేవి. ఆయన గేరు మార్చబోతున్నాడని ఇంజను గొంతును బట్టి ముందే తెలిసి, ఒడిలోని అన్నం డబ్బాను గట్టిగా పట్టుకునేదాన్ని.

పొట్టంగి సంతలో ఆడవాళ్ళు గిన్నెను కంటితో చూసి కొనరు. వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. పగులుంటే చెవికే తెలుస్తుంది. వాళ్ళలో ఒక ముసలామె ఏళ్ళ తరబడి మా దగ్గరే కొనేది. ఒకసారి గిన్నె మోగించి విని, మా ఆయన వైపు చూపిస్తూ నాతో ఆ కొండవాళ్ళ దేశియా మాటలో అంది, "ఇతన్ని కొట్టి చూసే కట్టుకున్నావా, ఊరికే కట్టుకున్నావా?" నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయనకి దేశియా నాకంటే బాగా వచ్చు. ఏమీ విననట్టు మూతలు సర్దుకున్నాడు.

ఘాటీ దిగే ముందు, కొండ అంచున సిందూరం పూసిన రాయి ఒకటి ఉండేది. అది ఘాటీ అమ్మవారు. ప్రతి బండీ అక్కడ ఆగాలి. ఆయన దిగి కొబ్బరికాయ కొట్టి, బొట్టు తెచ్చి స్టీరింగుకి పెట్టి, ఎక్కగానే జీపుని మొదలు ఒకటిలో కదిపి, వెంటనే రెండులో వేసేవాడు. ఆ రెండు మరి కొండ అడుగు దాకా రెండే. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు అన్నది ఆయన నియమం. కొందరు డ్రైవర్లు డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవారు. అలాంటి లారీ మమ్మల్ని దాటి దూసుకుపోతే, "అమ్మారి మీద బరువేసి పోతన్నాడు సూడు" అనేవాడు.

ఆయనకి ఇంకో నియమం ఉండేది. అమ్మవారి దగ్గర కదిలిన దగ్గర్నుంచి కొండ అడుగు చేరేదాకా బండిలో ఎవరూ నోరు విప్పకూడదు. నేను జీపెక్కడం మొదలుపెట్టిన కొత్తలో అది తెలియక, మలుపు మధ్యలో "మంచినీళ్ళ సీసా పెట్టేరా?" అని అడిగాను. ఆయన పలకలేదు. అడుగు చేరి బండి ఆపాక నా వైపు తిరిగాడు.

"గాటీలో బండి మాట నేనినాల. దాని మాటా నీ మాటా ఒక్కసారే ఏటినీది? నాకున్నవి రెండే సెవులు."

"రెండున్నాయి గదా. సెరొకటీ ఇనండి."

కోపంలో ఉన్నవాడు నవ్వేశాడు. నియమం మాత్రం మారలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేను ఘాటీలో మాట్లాడలేదు. కొండ అడుగున మామిడిచెట్టు పక్కన బండి ఆపి, నీళ్ళు తాగి, సీసా నాకిచ్చి, "ఇప్పుడు మాటాడొచ్చు" అనేవాడు. అప్పటిదాకా దాచుకున్నవన్నీ ఒక్కసారి చెప్పేసేదాన్ని. అంత శ్రద్ధగా ఆయన నా మాటలు ఇంట్లో ఏనాడూ వినలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి దుకాణం అటక మీంచి గిన్నెల కట్టలు దించుతూ నిచ్చెన జారి పడ్డాడు. ఎడమ మోకాలు చితికిపోయింది. ఆపరేషను చేశారు, నడిచాడు, కానీ మోకాలు వంగదు. వంగని కాలితో క్లచ్ తొక్కలేడు. దుకాణం మరిదికి అప్పగించి, జీపు అమ్మేసి, కూతురికి దగ్గరగా ఉంటుందని రాయగడ వచ్చేశాం. అల్లుడు తెరుబలి ఫ్యాక్టరీలో పని చేసేవాడు.

రాయగడలో మా వీధి అరుగు మీద కూర్చుని ఆయన రోడ్డు వినేవాడు. అవును, చూసేవాడు కాదు. "మూడులో రావల్సిన సోట నాలుగులో ఒస్తన్నాడు, గాడిద" అనేవాడు, తల తిప్పకుండానే. మొదట్లో అది నాతో అనేవాడు. తర్వాత తనలో తాను అనుకునేవాడు. ఆ తర్వాత అదీ మానేశాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, పెడితే తినేవాడు. ఒక మనిషి ఇంట్లోనే ఉండి దూరమవడం నేను అప్పుడే చూశాను.

క్లచ్ లేని కారు సంగతి అల్లుడే తెచ్చాడు. ఫ్యాక్టరీలో పెద్ద ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ తన కారు అమ్ముతున్నాడు. గేర్లు దానంతటదే మార్చుకుంటుందట. మా ఊళ్ళో అప్పటికి అలాంటిది ఇంకొకటి లేదు. ఆఫీసరు తాళం ఇచ్చే రోజు కారు తలుపు తీసి, హిందీలో ఓపిగ్గా చెప్పాడు. "దీన్ని డి లో పెడితే అదే చూసుకుంటుంది. కానీ ఘాటీలో మాత్రం ఇలా పక్కకి జరపండి. అప్పుడు గేరు మీ చేతిలో ఉంటుంది. ప్లస్ వైపు నెడితే పెరుగుతుంది, మైనస్ వైపు లాగితే తగ్గుతుంది. దిగేటప్పుడు రెండు మీద ఉంచండి."

మా ఆయన "హా జీ, హా జీ" అంటూనే ఉన్నాడు. చూపు మాత్రం కింద, క్లచ్ లేని చోట ఉంది. ఘాటీ సంగతి ఆయనకి ఒకరు చెప్పాలా! నేను వెనక నిలబడి విన్నాను. చదువు రానిదాన్ని, ఏ సంగతైనా కాగితం మీద దాచుకోలేను. వినేటప్పుడే మనసులో పెట్టుకోవాలి, లేకపోతే పోతుంది. అందుకని ఆఫీసరు మాటలు మాటకి మాట నాలో ఉండిపోయాయి.

మొదటి రోజు వీధిలో కారు తీస్తే పెద్ద గొడవైంది. వేగం పెరిగి ఇక గేరు మార్చాలనిపించగానే ఆ వంగని ఎడమకాలు తనంతట తానే ముందుకు పొడిచింది. అక్కడ ఉన్నది క్లచ్ కాదు, వెడల్పాటి బ్రేకు. కారు ఒక్క కుదుపుతో కూరగాయల బండి ముందు ఆగిపోయింది. నా నుదురు ముందున్న అద్దానికి తగలబోయి ఆగింది. బండివాడు వంకాయల మీద చేతులు అడ్డం పెట్టి, "బాబూ, కొంటే కొను, నేకపోతే నేదు, గుద్దీకు" అన్నాడు.

ఇంటికొచ్చాక నేనొక ఉపాయం చెప్పాను. "ఎడం కాలికి సెప్పు ఇప్పీయండి. ఒట్టి పాదానికి కింద పట్టా తగుల్తుంటే, పని లేదని దానికే గుర్తుంటాది." ఆయన నన్ను వింతగా చూశాడు కానీ చేశాడు. అప్పటినుంచి మా ఆయన ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు బోసిగా కారు నడిపాడు. ఒంటి చెప్పు డోరు పక్కన పడి ఉండేది.

కూతురు షరతు పెట్టింది. "నానా, తెరుబలి దాకా, కొల్నార దాకా తిరుగు. సదునైన రోడ్డు. కొండెక్కినట్టు తెలిసిందా, తాళం మాయింటికి ఒచ్చేస్తాది." ఆయన బుద్ధిగా తలూపాడు. కొల్నార వెళ్ళొచ్చేవాడు, తెరుబలి వెళ్ళొచ్చేవాడు. మళ్ళీ మాటలు మొదలయ్యాయి. అరుగు మీద కూర్చోవడం తగ్గింది. కానీ సదును రోడ్డు మీద తిరిగి వచ్చిన ప్రతిసారీ, ఉప్పు లేని కూర తిన్నవాడి మొహం పెట్టేవాడు.

ఒకరోజు తెల్లారుతూనే బయల్దేరదీశాడు. "కొరాపుట్ ఎల్దాం. తమ్ముణ్ణి సూసొద్దాం." అమ్మాయికి చెప్పారా అని నేను అడగలేదు. అన్నం డబ్బా సర్దాను. అది పాత డబ్బాయే.

ఎక్కేటప్పుడు బాగానే ఎక్కింది. ఆయనకే నచ్చలేదు. "ఎక్కడ మార్సిందో తెలీనివ్వదు. దొంగనాగ మార్సీస్తంది" అన్నాడు. కొరాపుట్‌లో మరిది దుకాణం స్టీలుతో మెరిసిపోతోంది. సత్తు సామాను ఒక మూల, పై అరలో ఉంది. మా ఆయన ఒక గిన్నె దించి, వేలి కణుపుతో కొట్టి విని, మళ్ళీ పెట్టేశాడు. భోంచేసి, పొద్దు వాలకుండానే తిరిగి బయల్దేరాం.

లక్ష్మీపూర్ దాటాక రాయగడ వైపు దిగే చోట కూడా అమ్మవారుంది. ఆయన ఆగాడు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, కూర్చున్నాడు. చెయ్యి అలవాటుగా గేరు కర్ర మీదికి వెళ్ళింది. ఒక క్షణం దాని మీద ఉండి, తిరిగి వచ్చేసింది. "దానికే తెలుసు గదా" అన్నాడు. డి లోనే కదిలాం.

నాకు ఆఫీసరు మాట గుర్తుంది. నోరు తెరిచాను కూడా. అప్పటికే కారు అమ్మవారిని దాటింది. నోరు మూసుకున్నాను.

మొదటి మలుపులోనే నాకు ఏదో తప్పనిపించింది. చప్పుడు లేదు. దిగేటప్పుడు ఇంజను గొణగాలి, బిగబట్టాలి. ఈ కారు చేతిలోంచి జారిన గుడ్డలా జారుతోంది. ఆయన కుడికాలు బ్రేకు మీంచి లేవడం లేదు. నాలుగో మలుపుకి కాలిన గోనెసంచి వాసన వచ్చింది. ఐదో మలుపులో ఆయన రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, బ్రేకుని నేలకంటా తొక్కి, కారుని కొండ వైపు చేర్చి చేతి బ్రేకు లాగాడు. ఆగింది. ఆగడానికి పట్టిన దూరం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తు.

దిగి చక్రాలకి రాళ్ళు పెట్టాను. ముందు చక్రాల దగ్గర పొగ లేస్తోంది. మంచినీళ్ళ సీసా తేబోతుంటే, పైకెక్కుతున్న లారీ డ్రైవరు ఒడియాలో అరిచాడు, నీళ్ళు పోయొద్దు, దానంతట అది చల్లారనివ్వండి అని. మా ఆయన కల్వర్టు గట్టు మీద కూర్చున్నాడు. బ్రేకు తొక్కి తొక్కి కుడి తొడ పట్టేసింది. దాన్ని చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"అయిపోనాది. రేపు అల్లుణ్ణి రమ్మని తాళం ఇచ్చీయి" అన్నాడు. కోపంగా అంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

మళ్ళీ ఆ అరుగు నాకు కళ్ళ ముందు కనిపించింది. అన్నం పెడితే తిని, పెట్టకపోతే అడగని ఆ మనిషి కనిపించాడు. ఇది ఘాటీయే. కానీ బండి ఆగి ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

"ఏవండి. ఆ సాబు ఒక మాట సెప్పేడు."

"ఏటి సెప్పేడు?"

"గాటీలో కర్రని పక్కకి జరపమన్నాడు. అప్పుడు గేరు మన సేతిలో ఉంటాదంట. పైకి నెడితే పెరుగుద్ది, కిందికి లాగితే తగ్గుద్ది. దిగేటప్పుడు రెండు మీద ఉంచమన్నాడు."

"ఎప్పుడు సెప్పేడు?"

"మీరు హా జీ, హా జీ అన్నప్పుడు."

ఆయన నా మొహంలోకి చూశాడు. "మరి అమ్మారి కాడ సెప్పనేదేటే!"

"గాటీలో మాటాడకూడదు గదా."

బ్రేకులు చల్లారేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. డబ్బాలో మిగిలిన పులిహోర తిన్నాం. ఆ పక్క లోయలో ఎవరో కట్టెలు కొడుతున్నారు, దెబ్బ కనిపించాక చప్పుడు వస్తోంది. చక్రాల దగ్గర వేడి తగ్గిందని ఆయన రెండుసార్లు చెయ్యి దగ్గర పెట్టి చూసుకున్నాడు. అప్పుడు లేచి, ఎడం కాలి చెప్పు విప్పి, ఎక్కి కూర్చున్నాడు. ముందు నిలబడిన చోటే బ్రేకు తొక్కి చూశాడు. పెడలు గట్టిగానే ఉంది. నేను రాళ్ళు తీసి ఎక్కాను.

కర్రని పక్కకి జరిపాడు. ముందు పలక మీద డి పోయి అంకె పడింది. ఆయన చూపు రోడ్డు మీదే ఉంది. దగ్గర చూపుకి కళ్ళజోడు కావాలి ఆయనకి, అది జేబులో ఉంది.

"ఎంతుందే అక్కడ?"

"ఒకటి."

కదిలాక ప్లస్ వైపు నెట్టాడు. "ఇప్పుడు?"

"రెండు."

కాలు బ్రేకు మీంచి తీశాడు. ఇంజను ఒక్కసారి గొంతెత్తింది. పరిగెడుతున్న దూడ పలుపు తాడు బిగిసినట్టు కారు వెనక్కి పట్టుకుంది. ఆ గొణుగుడు నా పొత్తికడుపులోకి వచ్చింది. ఎన్నేళ్ళయిందో ఆ గొంతు విని. ఆయన మెడ నిటారైంది.

"సెప్తా ఉండు. ఆపీకు" అన్నాడు.

"రెండు" అన్నాను. మలుపు తిరిగాం. "రెండు." ఎదురుగా బస్సొచ్చింది, ఆగి దారిచ్చాం, మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. "రెండేనా?" "రెండే." జీవితంలో ఘాటీ పొడుగునా నేను మాట్లాడింది ఆ ఒక్కసారే. మాట్లాడిందీ ఒక్క మాటే. అదైనా ఆయన అడిగి చెప్పించుకున్నాడు. బ్రేకు అవసరమైన చోట మాత్రం తొక్కుతూ, వదులుతూ, కొండ అడుగు దాకా దించాడు. మళ్ళీ వాసన రాలేదు.

అక్కడ మామిడిచెట్టు లేదు, ఇది వేరే ఘాటీ. అయినా రోడ్డు పక్కన ఆపాడు. నీళ్ళు తాగి సీసా నాకిచ్చాడు.

"ఇప్పుడు మాటాడొచ్చు" అన్నాడు.

చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. సీసా పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం అమ్మాయి ఫోను చేసింది. "ఎక్కడికెళ్ళేరు? పొద్దుట్నుంచీ ఎత్తలేదు." ఆయన ఫోను నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగాడు. కొల్నార అని చెబుతాననుకున్నాడేమో.

"కొరాపుట్ ఎల్లొచ్చేం, అమ్మీ. దిగేటప్పుడు బ్రేకులు కాలిపోయినంత పనైంది. తర్వాత రెండులో దిగేం. రేపు మీ ఆయన్ని రమ్మను. తాళానికి కాదు. బ్రేకులు మెకానిక్కుకి సూపించాల."

"నానకి ఇంక ఘాటీ వద్దమ్మా."

"మీ నానకి ఘాటీ ఒచ్చు, అమ్మీ. కారే కొత్త. నేను పక్కనుంటాను."

అమ్మాయి మెత్తబడలేదు. బ్రేకుల సంగతి తేలాక మాట్లాడదామంది. సరే అన్నాను. గోడ వైపు తిరిగిన మనిషి ఇటు తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే, అల్లుడు రాకముందే, నేను నిచ్చెన వేసుకుని మా ఇంటి అటకెక్కాను. కొరాపుట్ నుంచి వచ్చేటప్పుడు పారేయబుద్ధి కాక తెచ్చుకున్న సామాను అక్కడ ఉంది. రెండు సత్తు గిన్నెలు దించాను. ఒకటి అమ్ముడుపోని కొత్తది, ఒకటి పొట్టంగిలో ఎవరో మార్చుకున్న సొట్ట గిన్నె. దుమ్ము తుడిచి, వేలి కణుపుతో రెంటినీ కొట్టి విన్నాను. ఒకదానిలో ఒకటి పెట్టి, పైన మూత వదులుగా వేసి, కారు వెనక డిక్కీలో పెట్టాను. డిక్కీ మూసి, నడుంతో కారుని ఒకసారి గట్టిగా ఊపి చూశాను. మోగాయి.